షార్ గేటు తెరుచుకున్నాక

2022 నవంబరు 18, ఉదయం పదకొండున్నర. శ్రీహరికోటలో ఆరు మీటర్ల పొడవున్న చిన్న రాకెట్ ఒకటి పైకి లేచింది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, సుమారు ఐదు నిమిషాల్లో బంగాళాఖాతంలో పడింది. పీఎస్‌ఎల్‌వీ పక్కన నిలబెడితే దాంట్లో ఏడో వంతు కూడా ఉండదు. అయినా మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన మొట్టమొదటి రాకెట్ అదే. పేరు విక్రమ్-ఎస్. తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన ఇద్దరు ఇంజనీర్లు 2018లో పెట్టిన కంపెనీ అది.

అంతకుముందు ప్రైవేటు కంపెనీలకు పని లేక కాదు. హైదరాబాద్‌లోని ఎంటార్ లాంటివి దశాబ్దాలుగా ఇస్రో ఇంజన్లకు భాగాలు చేసిపెడుతూనే ఉన్నాయి. కానీ రాకెట్ ఎప్పుడూ ఇస్రోదే. 2020 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆ హద్దు చెరిపేసి, అనుమతులకూ సదుపాయాలకూ ‘ఇన్‌స్పేస్’ అనే సంస్థను పెట్టింది. దాని ప్రధాన కార్యాలయం అహ్మదాబాద్‌లో ఉంది.

ప్రభుత్వ సాయం అనగానే అందరూ డబ్బు లెక్కే అడుగుతారు. నా దృష్టిలో అసలు సాయం చోటు. ఇంజను మండించి చూడటానికి టెస్ట్ స్టాండ్ కావాలి. ఎగిరిన రాకెట్‌ను వెంటాడే రాడార్లు కావాలి. అది దారి తప్పితే జనం మీద పడకుండా గాల్లోనే ఆపేసే ఏర్పాటు కావాలి. ఇవన్నీ సొంతంగా కట్టుకోవాలంటే కుర్ర కంపెనీ రాకెట్ దాకా రాకముందే అప్పుల్లో మునిగిపోతుంది. సూళ్లూరుపేట వాళ్లు ‘షార్’ అని పిలిచే శ్రీహరికోట కేంద్రంలో 1971 నుంచి ప్రజల డబ్బుతో పోగైన సంపద ఇదే.

ఆ ఆవరణలోనే చెన్నై కంపెనీ అగ్నికుల్ సొంత లాంచ్‌ప్యాడ్ కట్టుకుంది. దేశంలో మొదటి ప్రైవేటు ప్రయోగ వేదిక అది. నాలుగుసార్లు ఆగిపోయాక, 2024 మే 30న వాళ్ల రాకెట్ అక్కడి నుంచే ఎగిరింది. దాని ఇంజను నట్లూ వెల్డింగులూ లేకుండా, త్రీడీ ప్రింటర్లో ఒకే ముక్కగా తయారైంది. కిరోసిన్ జాతి ఇంధనాన్ని ద్రవ ఆక్సిజన్‌తో మండించే సెమీ క్రయోజెనిక్ ఇంజన్‌తో అప్పటికి ఇస్రో కూడా ఏ రాకెట్‌నూ ఎగరేయలేదు.

శ్రీహరికోట దీవిలో ఒకప్పుడు యానాదుల ఊళ్లుండేవి. షార్ కోసం వాళ్లను ఖాళీ చేయించారు. కొత్తగా వచ్చే కొలువుల్లో వాళ్ల పిల్లలకు చోటు దొరకాలని నాకు గట్టిగా ఉంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ‘పోయెమ్’. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఉపగ్రహాన్ని వదిలేశాక వట్టి చెత్తగా మిగిలేది. ఇప్పుడు దానికి కరెంటు, కదలికల అదుపు ఇచ్చి, ప్రయోగాలకు అద్దెలేని ఇల్లుగా మార్చారు. 2022 జూన్ 30న మొదటి ‘పోయెమ్’ మీద ఎక్కినవాటిలో హైదరాబాద్ ధ్రువ స్పేస్ పరికరం ఒకటి. సొంతంగా ఉపగ్రహం పంపే స్తోమత లేని కంపెనీ కూడా తన పరికరం అంతరిక్షంలో పనిచేసిందని కొనేవాళ్లకు చూపించగలుగుతుంది. 2024 డిసెంబరు 30న వెళ్లిన నాలుగో దాని మీద ఏకంగా 24 ప్రయోగాలు పెట్టారు. అందులో పది బయటి సంస్థలవీ విద్యాలయాలవీ. ఇస్రో వాళ్లు పెట్టిన పెట్టెలో అలసంద గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తి ఆకులు కూడా వేశాయి!

డబ్బు సంగతికొస్తే, 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడుల పరిమితులు సడలించారు. ముందస్తు అనుమతి లేకుండా ఉపగ్రహాల తయారీలో 74 శాతం, రాకెట్లలో 49 శాతం, విడిభాగాల్లో నూటికి నూరు శాతం పెట్టుకోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో వెయ్యి కోట్ల రూపాయల వెంచర్ నిధి మంజూరైంది. ఒక రాకెట్ పరిజ్ఞానాన్ని మొత్తంగా పోటీ బిడ్లు పిలిచి అప్పగించడం మాత్రం 2025లోనే మొదటిసారి. చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీని 511 కోట్లకు హెచ్‌ఏఎల్ దక్కించుకుంది. గెలిచింది మళ్లీ ప్రభుత్వ రంగ సంస్థే.

చివరగా, ఎవరి కంటా పడని పెద్ద పూచీ ఒకటుంది. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ప్రైవేటు రాకెట్ పరాయి దేశంలో పడి నష్టం చేసినా పరిహారం కట్టాల్సింది ప్రయోగించిన దేశమే. ఈ ఒప్పందం కింద దావా వేసిన దేశం ఇప్పటిదాకా ఒక్క కెనడాయే. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అణు ఇంధనంతో సహా వాళ్ల మంచు నేలల మీద చెదిరిపడింది. అరవై లక్షల డాలర్లు అడిగితే 1981లో ముప్ఫై లక్షలకు రాజీ కుదిరింది. మన దగ్గర అలాంటిది జరిగితే కంపెనీ వాటా ఎంత, ఖజానా వాటా ఎంత, బీమా ఎంత చేయించాలి? ఈ లెక్క తేల్చాల్సిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లోనే బయటికొచ్చింది.