హెచ్.ఐ.వి. పరీక్ష: గడువెరిగి నమ్మవలెను

విత్తిన మరునాడు చేనిలో మొలక కానరాదు. అంతమాత్రమున విత్తనము పడలేదని యే రైతును తలపడు. హెచ్.ఐ.వి. పరీక్షయు నిట్టిదే. "నిన్న పొరపాటు జరిగినది, నేడు పరీక్షలో లేదని తేలినది, ఇక భయమేల?" యని తలచు సభ్యుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వాడుకలోనున్న పరీక్షలలో పెక్కులు వైరసును నేరుగా చూడవు. దానిని ఎదుర్కొనుటకు దేహము పుట్టించు యాంటీబాడీలను చూచును. అవి తగినంతగా పుట్టుటకు దినములు పట్టును. ఈ నడిమి కాలమును వైద్యులు విండో పీరియడందురు. అప్పుడు లేదని చీటి వచ్చినను నెత్తురులో వైరసు పెరుగుచుండవచ్చును. ఆ చీటిని నమ్మి యింటికి పోయినవాని వలన ఇల్లాలికిని సోకవచ్చును.

గడువు పరీక్షను బట్టి మారును. యాంటీబాడీలను మాత్రమే చూచు పరీక్షకు 23 మొదలు 90 దినములు. నరమునుండి తీసిన నెత్తురులో వైరసు అంశమైన యాంటిజెనును, యాంటీబాడీలను కలిపి చూచు ప్రయోగశాల పరీక్షకు 18 మొదలు 45 దినములు. వైరసునే వెదకు నాట్ పరీక్షకు 10 మొదలు 33 దినములు పట్టును. కావున ముందు చేయించుకొన్నవారును 90 దినములు నిండిన పిమ్మట మరల చేయించుకొనవలెను. ఈలోపల వేరొక ప్రమాదము జరుగకున్నచో, అప్పుడు వచ్చిన "లేదు" నమ్మదగినది. అంతవరకు నిరోధ్ తొడుగు వాడవలెను, రక్తదానము చేయరాదు.

"కలదు" అని వచ్చినను ఒక్క పరీక్షతో నిశ్చయింపరాదు. ప్రభుత్వ కేంద్రములలో వేర్వేరు విధములైన మూడు పరీక్షలతో సరిచూచిన పిమ్మటనే తేల్చెదరు.

పరీక్షకు వేచియుండవలెను గాని, మందుకు వేచియుండరాదు. ప్రమాదము జరిగిన 72 గంటలలోపల, ఎంత త్వరగానైన నంత మేలు, పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోవలెను. అవసరమని తోచినచో వైద్యులు పెప్ అను మందును 28 దినములకు ఇత్తురు. అది వాడినవారు మరల పరీక్ష యెప్పుడో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఐ.సి.టి.సి. కేంద్రములలో పరీక్ష ఉచితము. 2017 సంవత్సరపు చట్టము, సమ్మతి లేని పరీక్షకును, ఫలితము బయటపెట్టుటకును అడ్డు నిలుచుచున్నది. 1097 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. రోగము తేలినను మందు ఉచితముగనే లభించును. దానిని మానక వాడువారు చిరకాలము తమ సేద్యము తాము చేసికొనగలరు. సిగ్గుచే దాచి యింటికి ముప్పు తేవలదని సభ్యులకు మా మనవి.