ముప్ఫై నిమిషాల నీళ్లు

జంషెడ్‌పూర్ తూర్పు అంచున, సువర్ణరేఖ ఒడ్డున ఉంది భుయ్యాడీహ్. నగరానికి వాయవ్యాన దోముహానీ దగ్గర ఖర్కాయీని కలుపుకున్న నది, ఊరి ఉత్తరపు అంచును చుట్టి వచ్చి, ఈ బస్తీ పక్కగా సాగిపోతుంది. మీరు ఆ ఒడ్డున బిందె పట్టుకుని నిలబడ్డారనుకోండి. కళ్లెదుట కావలసినంత నీరు. ముంచుకుని ఇంటికి తీసుకువెళ్లి తాగుతారు. ఇప్పుడు చెప్పండి, మీ ఇంటికి తాగునీటి సదుపాయం ఉన్నట్టా, లేనట్టా?

లేనట్టే! ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1990 నుంచి కలిసి కడుతున్న లెక్క ప్రకారం మీరు నిచ్చెనలో అట్టడుగు మెట్టు మీద ఉన్నారు. నది, చెరువు, కాలువ నీటిని నేరుగా తాగేవారి మెట్టు అది. 2024లో ప్రపంచం మొత్తం మీద 10 కోట్ల 60 లక్షల మంది దాని మీదే ఉన్నారు. దానిపై మెట్టు గట్టూ మూతా లేని బావిది. కొళాయి, బోరు, గట్టు కట్టి మూత వేసిన బావి, పట్టి నిలవ చేసిన వాన నీరు - వీటిని మెరుగైన వనరులంటారు. వీటి దగ్గరికి వెళ్లి, వరుసలో నిలబడి, నీళ్లు పట్టుకుని ఇంటికి తిరిగి రావడానికి 30 నిమిషాలకు మించకపోతే మీకు "ప్రాథమిక" తాగునీటి సదుపాయం ఉన్నట్టు. మించితే అది "పరిమిత" సదుపాయం, ఒక మెట్టు కింద. ఇంటి ఆవరణలోనే ఉండి, కావలసినప్పుడు దొరికి, మలినాలు లేవని పరీక్షలో తేలిన నీటిది అన్నిటికన్నా పై మెట్టు. 2024లో 210 కోట్ల మందికి ఆ పై మెట్టు అందలేదు.

ఈ 30 నిమిషాల కొలతలో ఒక చిక్కుంది. ఒక ఇంటివారు చేతిపంపుకు వెళ్లి రావడానికి 28 నిమిషాలు పడుతుంది, రోజుకు ఆరుసార్లు వెళతారు. మొత్తం 168 నిమిషాలు, అంటే మూడు గంటలకు 12 నిమిషాలు తక్కువ. మరో ఇంటివారికి 35 నిమిషాలు పడుతుంది, కాని సైకిలుకు డబ్బాలు కట్టుకుని ఒక్కసారే తెచ్చుకుంటారు. లెక్కలో మొదటి ఇల్లు పై మెట్టున, రెండోది కింది మెట్టున! అడిగేది ఒక్క రాకపోకకు ఎంతసేపని మాత్రమే. ఎన్నిసార్లు, ఎవరు మోస్తున్నారు అన్నవి ఈ మెట్టును నిర్ణయించవు.

నీటి పక్కనే ఉండి తాగునీటికి వెతుక్కోవడంలో నది ఒడ్డును మించినవి ద్వీపదేశాలు. రెండింటిని చూద్దాం.

మొదటిది మారిషస్. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి ఓడలెక్కిన తెలుగువారి సంతతి అక్కడుంది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుతోనే వారిని పిలిచేవారు. ప్రధాన ద్వీపం వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు, సగటు వాన ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్లు. గుణించి చూడండి: దాదాపు 373 కోట్ల ఘనపు మీటర్ల నీరు! కాని అది అగ్నిపర్వతం కట్టిన దీవి, నడుమ ఎత్తు, అంచులు వాలు. కురిసినదాంట్లో సుమారు 60 శాతం వాగుల వెంట జారి సముద్రంలో కలుస్తుంది, 30 శాతం ఆవిరవుతుంది, నేలలోకి ఇంకేది 10 శాతమే. అన్నిటికన్నా పెద్ద జలాశయమైన మార్ ఓ వాకోలో పట్టేది 2 కోట్ల 59 లక్షల ఘనపు మీటర్లు. కురిసిన వానలో వందో వంతు కూడా కాదన్నమాట.

లెక్కల్లో మారిషస్‌కు ప్రాథమిక సదుపాయం 99 శాతానికి పైగా ఉంది. అయితే కొళాయి ఉండటం వేరు, అందులో నీరు రావడం వేరు. వానలు ముఖం చాటేసిన 1999లోను, 2011లోను నీటిని గంటల లెక్కన వదలవలసి వచ్చింది. పైగా శుద్ధి చేసి గొట్టాల్లోకి పంపిన నీటిలో సగానికి పైగా, కొంత కారిపోయి, కొంత మీటర్లకు దొరకక, లెక్కకు అందడం లేదు. ఇవేవీ ఆ 99ని కదిలించవు.

రెండోది పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి (రాసేది ఇలా, అక్కడివారు పలికేది కిరిబాస్). ఇక్కడి దీవుల్లో దాదాపు అన్నిటా కొండా లేదు, వాగూ లేదు. సముద్రానికి రెండు మూడు మీటర్ల ఎత్తున పగడపు ఇసుక దిబ్బలు, అంతే. అయినా అక్కడ బావి తవ్వితే మంచినీరు పడుతుంది! ఎలా?

ఇసుకలోకి ఇంకిన వాన నీరు అడుగునున్న ఉప్పునీటిపై తేలుతుంది. ఘనపు మీటరు మంచినీటి బరువు 1,000 కిలోలు, సముద్రపు నీటి బరువు సుమారు 1,025 కిలోలు. తేడా 25. వెయ్యిని 25తో భాగిస్తే 40. కాబట్టి భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రానికి ఒక మీటరు పైన ఉంటే, దాని అడుగు 40 మీటర్ల లోతున ఉండాలి. నీటిలో మంచుగడ్డ లాంటిదే ఇదీ, కనబడేది కొంచెం, మునిగి ఉన్నది ఎంతో. నడుమ మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది కనుక దీన్ని మంచినీటి కటకం అంటారు.

ఇప్పుడు దీన్నే తిరగేయండి. మోటారు పెట్టి తోడి మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించారనుకోండి. అడుగున ఉప్పునీరు కాలక్రమాన 4 మీటర్లు పైకి వస్తుంది! నిజానికి మధ్యలో రెండూ కలిసిన పొర ఒకటి ఉంటుంది కనుక బావి ఇంకా ముందే ఉప్పెక్కుతుంది. అందుకే రాజధాని దక్షిణ తరావాకు నీరిచ్చే బోన్రికి దగ్గర లోతుగా బోర్లు వేయకుండా, నీటి పైపొర నుంచి మాత్రమే అడ్డంగా వేసిన గొట్టాల ద్వారా కొద్దికొద్దిగా తోడతారు.

కటకం మీదే ఇళ్లు, పందుల దొడ్లు, మరుగుదొడ్లు ఉంటే? ఇసుకకు వడబోసే ఓపిక తక్కువ, మలినాలు త్వరగా నీటిని చేరతాయి. ఆ పెరటి బావికి గట్టు కట్టి మూత పెడితే మెరుగైన వనరే, నాలుగడుగుల దూరమే, కనుక ప్రాథమిక సదుపాయమే. లోపలి నీటిని పరీక్షించే పని పై మెట్టుకు వచ్చేవరకూ రాదు.

మీ వీధిలో ఈ కొలతను మీరే వేసి చూడవచ్చు. కావలసింది గడియారం, కాగితం. బిందెతో గుమ్మం దాటిన క్షణం నుంచి తిరిగి గుమ్మంలో దించే క్షణం దాకా నిమిషాలు రాయండి, వరుసలో నిలబడిన సేపుతో సహా. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వేసవిలో మళ్లీ ఒకసారి. పక్కన మరో మూడు గడులు గీయండి: రోజుకు ఎన్నిసార్లు, మోసింది ఎవరు, ఆ రోజు కొళాయి ఎన్ని గంటలు వచ్చింది.