షట్టరు లెక్క

డిజిటల్ కెమెరాలోని యాంత్రిక షట్టరు ఇప్పటివరకు ఎన్నిసార్లు పనిచేసిందో తెలిపే సంఖ్యను షట్టరు లెక్క లేదా షట్టరు కౌంట్ అంటారు. మోటారు సైకిలుకు తిరిగిన కిలోమీటర్ల రీడింగు ఎటువంటిదో వాడిన కెమెరాకు ఇది అటువంటిది. వరంగల్, హనుమకొండ వంటి పట్టణాలలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవారు, ఈ పని నేర్చుకునే విద్యార్థులు పాత కెమెరా కొనే ముందు తెలుసుకోదగిన సంఖ్య ఇది.

షట్టరు ఎందుకు అరుగుతుంది

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో సెన్సారుకు ముందు పలుచని రేకులతో చేసిన రెండు తెరలు ఉంటాయి. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. మొదటి తెర జరిగి సెన్సారుపై వెలుతురు పడనిస్తుంది, రెండవది దాని వెనుకనే జరిగి మూసివేస్తుంది. ప్రతి ఫోటోకూ ఈ స్ప్రింగులు, రేకులు, మోటారు కొద్దికొద్దిగా అరుగుతాయి. ఫిల్మ్ కాలంలో రోలుకు 36 ఫోటోలే కనుక వేయిస్తంభాల గుడికి వెళ్ళినవారు ఆచితూచి తీసేవారు. డిజిటల్‌లో ఒక్కొక్క ఫోటోకు ఖర్చు లేదు, కాబట్టి అదే గుడి దగ్గర మూడు వందలు తీసినా ఆశ్చర్యం లేదు. ఆ ఖర్చు షట్టరు మీద పడుతుంది.

తయారీదారులు తమ పరీక్షల ఆధారంగా షట్టరు ఆయుష్షును ప్రకటిస్తారు. నికాన్ డి90 (2008)కు 1,00,000, కెనాన్ 5డి మార్క్ 2 (2008)కు 1,50,000, నికాన్ డి850 (2017)కు 2,00,000, కెనాన్ 1డి ఎక్స్ (2012)కు 4,00,000. ఇవి అంచనాలే గాని హామీలు కావు. అంతకు ముందే పాడైనవీ, రెట్టింపు పనిచేసినవీ ఉన్నాయి. పెళ్ళికి 2,000 ఫోటోల చొప్పున ఏడాదికి 40 పెళ్ళిళ్ళు తీసే కెమెరా 80,000కు చేరుతుంది. అంటే డి90 వంటి కెమెరా ఆయుష్షు పదిహేను నెలలలో తీరిపోతుంది.

తెలుసుకునే విధానం

నికాన్, పెంటాక్స్ కెమెరాలు ఈ లెక్కను ప్రతి ఫోటో ఫైలులోని ఎగ్జిఫ్ సమాచారంలో వ్రాస్తాయి. అమ్మేవారి ఎదుటే ఒక ఫోటో తీసి, ఆ అసలు ఫైలును ఎగ్జిఫ్‌టూల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో తెరిస్తే సంఖ్య కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపిన ఫోటో పనికిరాదు, అందులో ఈ సమాచారం తొలగిపోతుంది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఎక్కువ భాగం ఫోటోలో లెక్కను ఉంచవు. కెమెరాను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపి ప్రత్యేక సాఫ్ట్‌వేరుతో చదవాలి. 1డి ఎక్స్ మాత్రం తన మెనూలోనే వేల లెక్కన చూపుతుంది.

ఫైలు పేరులోని అంకెను షట్టరు లెక్కగా నమ్మరాదు. అది 9999 తరువాత మళ్ళీ 0001కి వస్తుంది, ఎవరైనా మధ్యలో మొదటికి మార్చవచ్చు కూడా. 0350 అని ఉన్న ఫోటో ఆ కెమెరాకు 350వది కావచ్చు, 50,345వది కావచ్చు.

పరిమితులు

మిర్రర్‌లెస్ కెమెరాలలో ఎలక్ట్రానిక్ షట్టరుతో తీసిన ఫోటోలకు యాంత్రిక భాగం కదలదు. కొన్ని నికాన్ నమూనాలు ఈ రెండు లెక్కలనూ విడిగా వ్రాస్తాయి. నికాన్ జడ్9 (2021)లో యాంత్రిక షట్టరే లేదు. ఇక షట్టరు మార్చిన కెమెరాలో పాత లెక్క కొనసాగవచ్చు, సున్నా నుండి మొదలు కావచ్చు. రిపేరు బిల్లు చూడటం మేలు.

కెమెరా ఎక్కడ తిరిగిందో కూడా లెక్క చెప్పదు. పూర్వపు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న మేడారం జాతర దుమ్ములో నాలుగు రోజులు తిరిగి 5,000 ఫోటోలు తీసిన కెమెరా కంటే, స్టూడియో గదిలో 50,000 తీసినదే కొనదగినది కావచ్చు. అందుచేత తెల్లని గోడను అత్యధిక షట్టరు వేగంతో ఒకసారి తీసి చూడాలి: ఒక అంచున నల్లని పట్టీ వస్తే తెరలు సరిగా కదలడం లేదని అర్థం. తరువాత ఎఫ్/16 వద్ద ఆకాశాన్ని తీస్తే సెన్సారు మీది దుమ్ము మచ్చలుగా కనబడుతుంది. మచ్చలను శుభ్రం చేయించవచ్చు గాని, పట్టీ వస్తే షట్టరు మార్పించాల్సి రావచ్చు.