పాత స్మార్టు ఫోనుకు ‘రూటు’ చేయవచ్చునా?



మీ ఇంటిలో పాత స్మార్టు ఫోను ఒకటి ఉండియే యుండును. అది ఏడెనిమిది సంవత్సరముల క్రిందట కొన్నది. తెరచినప్పుడెల్ల ‘స్థలము లేదు’ అని చెప్పును. తయారుచేసిన సంస్థ దానికి క్రొత్త ఆండ్రాయిడ్ ఇచ్చుట ఎన్నడో మానివేసినది. ఇట్టి ఫోనును చూచి మీ కుమారుడో, పట్టణములోని సెల్ దుకాణదారుడో “రూటు చేసినచో క్రొత్తదానివలె పరుగెత్తును” అని చెప్పియుండవచ్చును. ఆ మాటలో కొంత నిజము కలదు, కొంత ప్రమాదమును కలదు. రెండును తెలిసికొనిన పిమ్మటనే మీరు ఒక నిర్ణయమునకు రావలెను.

ముందుగా ఒక్క మాట గుర్తుంచుకొనుడు. పంట సొమ్ము వచ్చి చేరు ఫోనుకు రూటు పనికిరాదు. సొమ్ముతోను, ఓ.టి.పి.తోను సంబంధము లేకుండ ఖాళీ చేసిన ఫోనుకు చేసికొనవచ్చును. ఇట్లు చెప్పుటకు గల కారణములను దిగువ వివరించుచున్నాము.

రూటు అనగానేమి?

ఆండ్రాయిడ్ అనునది లైనక్స్ అను మూల వ్యవస్థపై కట్టబడినది. ఇందులో ప్రతి ఆప్‌కును ఒక ప్రత్యేకమైన సంఖ్య యుండును. ఆ సంఖ్యలు 10000 నుండి మొదలగును. ఒక ఆప్ వ్రాసికొనిన సమాచారమును వేరొక ఆప్ చదువుటకు వీలు లేదు. మడికి మడికి నడుమ గట్టు ఉన్నట్లే ఆప్‌కు ఆప్‌కు నడుమ ఈ కట్టుబాటు ఉన్నది. మీ బ్యాంకు ఆప్‌లోని రహస్యము మీరు సరదాగా ఎక్కించుకొనిన ఆటల ఆప్‌కు తెలియకుండుటకు కారణము ఈ గట్టే.

సున్న సంఖ్య గల వాడుకదారునికి మాత్రము ఏ గట్టును అడ్డు రాదు. వానికే ‘రూటు’ అని పేరు. చెరువు తూమును నీరటి చేతిలో ఉంచినట్లు, ఫోనులోని సర్వాధికారము రూటు చేతిలో నుండును. నీరటి మంచివాడైనచో అన్ని మళ్ళకు నీరు పారును. తూము దొంగ చేతికి చిక్కినచో ఒక్క మడి కాదు, ఆయకట్టు అంతయు మునుగును.

ఈ అధికారము ఎంతటిదో తెలియుటకు ఒక పాత సంగతి చాలును. మొదటి ఆండ్రాయిడ్ ఫోను టి-మొబైల్ జి1, 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. దానిలో ఒక పొరపాటు దొర్లినది. మీటలపై ఏది వ్రాసినను ఆ మాట రూటు ఆజ్ఞగా కూడ లోపలికి పోవుచుండెను. స్నేహితునికి పంపు సందేశములో ‘రీబూట్’ అను మాట విడిగా వ్రాసి మీట నొక్కినచో, ఫోను తనంతట తానే ఆగి మరల మొదలయ్యెడిది. సంస్థ వెంటనే ఆ లోపమును సరిచేసినది. నాటి నుండి ఫోను కొనినవారికి సైతము రూటు అధికారము ఇవ్వకుండ అమ్ముట పరిపాటియైనది.

తెరచుటకు రెండు త్రోవలు

రూటు సంపాదించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది దొంగత్రోవ. ఫోను వ్యవస్థలో మిగిలిపోయిన లోపమును వెదకి, ఆ కన్నము గుండ లోపలికి దూరుట. ‘ఒక్క నొక్కుతో రూటు’ అని చెప్పుకొను ఆప్‌లన్నియు ఈ తరగతిలోనివే. రెండవది రాచబాట. ఫోను మొదలగునపుడు లోపలి తాళమును చూచుకొను బూట్‌లోడర్ అను భాగమును, తయారుచేసిన సంస్థ అనుమతితో విప్పి, ఆ పిదప రూటును అమర్చుకొనుట.

దొంగత్రోవ సులభముగా కనిపించును. కాని మీరు దూరిన కన్నము గుండ దొంగయు దూరగలడు. దీనికి 2016లో జరిగినదే నిదర్శనము. 2014లో జార్జ్ హాట్జ్ అను నిపుణుడు, తమ ఫోనులకు తామే రూటు చేసికొనగోరువారి కొరకు ‘టవల్‌రూట్’ అను సాధనమును విడుదల చేసెను. రెండేండ్లు గడచినవి. 2016 నవంబరులో చెక్ పాయింట్ అను భద్రతా సంస్థ ‘గూలిగన్’ అను దొంగ ఆప్‌ల ముఠాను బయటపెట్టెను. ఆ ఆప్‌లు టవల్‌రూట్ వాడిన కన్నమునే వాడి, ఆండ్రాయిడ్ 4, 5 గల పాత ఫోనులకు యజమానికి తెలియకుండ రూటు చేసి, 10 లక్షలకు మించిన గూగుల్ ఖాతాల తాళపుచెవులను దొంగిలించినవి. ప్లే స్టోరు వెలుపల దొరకు ఆప్‌లను ఎక్కించుకొనినవారే ఇందుకు బలియైరి. కన్నము ఎవరు త్రవ్వినారని పురుగు అడుగదు. గాదెలో రంధ్రమున్నచో చాలును, ప్రవేశించును.

కావున ‘ఒక్క నొక్కు’ ఆప్‌లను ఎన్నడును ఎక్కించవలదు. ఎవరు పంపిన లింకునైనను నొక్కి ఏ.పి.కె. ఫైలును ఎక్కించుకొనవలదు.

లాభమెంత? నష్టమెంత?

రూటు చేసినంత మాత్రమున ప్రాసెసరు వేగము పెరుగదు, ర్యాము పెరుగదు. ముసలి ఎద్దుకు క్రొత్త కాడి కట్టినను బలము రెట్టింపు కాదు గదా! అయినను కొన్ని ప్రయోజనములు లేకపోలేదు. సంస్థవారు పెట్టిన, తీసివేయ వీలులేని ఆప్‌లను తొలగించవచ్చును. పశువుల కొట్టములో కెమెరాగా ఫోనును ఎల్లప్పుడు చార్జింగునకు తగిలించి ఉంచినచో బ్యాటరీ ఉబ్బును. రూటు ఉన్నచో ‘అడ్వాన్స్‌డ్ చార్జింగ్ కంట్రోలర్’ వంటి సాధనముతో 60 లేక 70 శాతము దగ్గర చార్జింగును ఆపవచ్చును. ఇది నిజముగా ఉపయోగపడు పని. అయితే ఇప్పటికే ఉబ్బిన బ్యాటరీ గల ఫోనును దేనికిని వాడరాదు. అది నిప్పు అంటుకొనవచ్చును.

నష్టములను కూడ లెక్క చూడుడు. అనేక బ్యాంకు ఆప్‌లు, యు.పి.ఐ. ఆప్‌లు రూటు చేసిన ఫోనులో తెరచుకొనవు. రూటును దాచిపెట్టు ఉపాయములు ఉన్నవని కొందరు చెప్పుదురు. అట్లు దాచి తెరచినచో, ఆ ఆప్ కాపాడదలచిన సొమ్ము మీదియే గాని మరియొకరిది కాదు. సామ్‌సంగ్ వారు 2013 నుండి పెక్కు ఫోనులలో నాక్స్ అను ఏర్పాటు చేసిరి. బయటి వ్యవస్థను ఎక్కించిన వెంటనే లోపల ఒక ఫ్యూజు కాలిపోవును. పిదప అసలు వ్యవస్థను మరల ఎక్కించినను ఆ గుర్తు చెరగదు. మొలకెత్తిన విత్తనము మరల గింజ కానట్లే ఇదియు.

ఇంకొక సంగతి. రైతు కోరునది చాలసార్లు రూటు కానే కాదు. స్థలము కావలెనన్నచో వాట్సాప్‌లో చేరిన వీడియోలను చెరిపి, వాడని ఆప్‌లను తీసివేయుట చాలును. సంస్థవారి ఆప్‌లు వద్దన్నచో కంప్యూటరుకు తగిలించి ఏ.డి.బి. అను సాధనముతో రూటు లేకయే వానిని పని చేయకుండ ఆపవచ్చును. క్రొత్త ఆండ్రాయిడ్ కావలెనన్నచో లీనియేజ్ ఓ.ఎస్. కలదు. సయనోజెన్‌మాడ్ అనునది 2016 డిసెంబరులో ఆగిపోగా దాని స్థానమున ఇది వచ్చినది. దీనికి బూట్‌లోడర్ విప్పవలెను గాని రూటు అక్కరలేదు.

ఒక ఉదాహరణ

2017 జనవరిలో మన దేశములో అమ్మకమునకు వచ్చిన రెడ్మి నోట్ 4 గ్రామములలో ఎన్నో ఇండ్లలో కనిపించును. దానిని ఉదాహరణగా తీసికొని రాచబాటలో చేయవలసిన పని ఎట్టిదో చెప్పెదము. ఇతర ఫోనులకు మీటలు, అనుమతులు వేరుగా నుండును. హువావే వంటి సంస్థలు 2018 నుండి అనుమతి ఇచ్చుటయే మానినవి.

1. ముందు ఫోనును ఖాళీ చేయుడు. ఫోటోలు, ఫోను నంబర్లు, పాసు పుస్తకము నకళ్ళు వేరొక చోటికి ఎక్కించుకొనుడు. యు.పి.ఐ. ఆప్‌లో మీ ఖాతాను తొలగించుడు. తాళము విప్పునపుడు సమాచారమంతయు చెరిగిపోవునని తలచియే పని మొదలుపెట్టవలెను.

2. సెట్టింగులలో ‘ఎబౌట్ ఫోన్’ తెరచి, ఎం.ఐ.యు.ఐ. వర్షన్ అను చోట 7 సార్లు నొక్కినచో డెవలపర్ ఆప్షన్లు కనబడును. అక్కడ ఎం.ఐ. ఖాతాను ఫోనుతో జతపరచి అనుమతి కోరవలెను. ఈ పనికి సిమ్‌లోని డేటా అవసరము. అనుమతికి కొన్ని దినములు వేచియుండవలసి వచ్చును. అనుమతి లభించనిచో అక్కడనే ఆగుడు. దొంగత్రోవకు మరలవలదు.

3. ఫోనును ఆపి, ధ్వని తగ్గించు మీటను, పవర్ మీటను కలిపి నొక్కి పట్టినచో చెవుల టోపీ పెట్టుకొనిన కుందేలు ఆండ్రాయిడ్ బొమ్మను బాగుచేయుచున్న చిత్రము వచ్చును. దీనినే ఫాస్ట్‌బూట్ స్థితి యందురు. కంప్యూటరుకు తగిలించి, సంస్థవారి అన్‌లాక్ సాధనముతో తాళము విప్పవలెను. బ్యాటరీ సగమునకు మించి ఉండవలెను. వైరు గట్టిదిగా నుండవలెను. పని ముగిసిన వెంటనే సిమ్‌ను తీసివేయుడు.

4. మీ ఫోనులో ఏ వర్షన్ ఉన్నదో సరిగా ఆ వర్షన్ వ్యవస్థనే దింపుకొని, అందులోని ‘బూట్’ ఫైలును వేరు చేయుడు. వేరొక ఫోనుది గాని, వేరొక వర్షనుది గాని పనికిరాదు. ఈ అసలు ఫైలు నకలును కంప్యూటరులో భద్రపరచుడు. పొరపాటు జరిగినప్పుడు మిమ్ము గట్టెక్కించునది ఇదియే.

5. మాజిస్క్ అను ఆప్‌ను, దానిని తయారుచేసినవారి గిట్‌హబ్ పుట నుండి మాత్రమే దింపుకొనుడు. జాన్ వూ అను ఆయన 2016లో దీనిని మొదలుపెట్టెను. ఇప్పటి మాజిస్క్‌కు ఆండ్రాయిడ్ 6 గాని, ఆ పైది గాని ఉండవలెను. బూట్ ఫైలును ఫోనులోనికి ఎక్కించి మాజిస్క్‌కు చూపినచో, మార్పు చేసిన ఫైలును ఒకదానిని తయారుచేసి యిచ్చును.

6. ఆ ఫైలును కంప్యూటరులోనికి తెచ్చుకొని, ఫోనును మరల ఫాస్ట్‌బూట్ స్థితిలో నుంచి, ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్’ అను ఆజ్ఞతో ఎక్కించవలెను. ఫోను మొదలుకానిచో, భద్రపరచిన అసలు ఫైలును అదే ఆజ్ఞతో మరల ఎక్కించుడు.

7. ఇక ఏ ఆప్ అయినను రూటు కోరినపుడు ఫోను మిమ్ము అడుగును. తెలియని ఆప్‌కు ‘వద్దు’ అని చెప్పుడు. తూము తాళపుచెవి ఇప్పుడు మీ చేతిలోనే ఉన్నది.

పాత ఫోను కొనువారికి

ఇతరులు వాడిన ఫోనును కొనునపుడు, దానిని ఆపి మరల తెరచి చూడుడు. తాళము విప్పిన ఫోనులలో పెక్కింటికి మొదలగునపుడు హెచ్చరిక గాని, ‘అన్‌లాక్‌డ్’ అను మాట గాని, విప్పిన తాళము బొమ్మ గాని కనబడును. మాజిస్క్, సూపర్ ఎస్.యు., కింగ్‌రూట్ అను పేర్లు ఆప్‌లలో ఉన్నవేమో వెదకుడు. ఉన్నచో ఆ ఫోనులో బ్యాంకు ఖాతాను తెరువవలదు. ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేసితిమి గదా అని ధైర్యపడరాదు. రూటు వ్యవస్థ భాగములో దాగియున్నచో రీసెట్‌తో పోదు. అసలు వ్యవస్థను కంప్యూటరు ద్వారా పూర్తిగా మరల ఎక్కించి, తాళము బిగించిన పిమ్మటనే నమ్మవలెను. ఖాతా నుండి సొమ్ము పోయినట్లు తెలిసినచో క్షణమైనను ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేసి, మీ బ్యాంకుకు తెలియజేయుడు.

గ్రామోద్యోగులకు

పంట నమోదునకు, పింఛనులకు, ఇతర ప్రభుత్వ పనులకు ఇచ్చిన ఫోనులు, ట్యాబులు మీ సొంతము కావు. అవి నెమ్మదించినచో పై అధికారికి వ్రాసి మార్పించుకొనుడు గాని రూటు చేయించవలదు. అందులో ఒకరి సొమ్ము కాదు, ఊరివారందరి ఆధారు సంఖ్యలు, భూమి వివరములు ఉన్నవి. మీ సొంత ఫోనులో ఈ పనులు చేయుచున్నచో దానికిని ఇదే నియమము.

మొత్తముమీద

ఇంటిలో రెండు ఫోనులున్నచో వానిని రెండు పనులకు విడదీయుడు. ఒకటి సొమ్ముకు, ఓ.టి.పి.కి. దానిని సంస్థ ఇచ్చినట్లే ఉంచి, వచ్చిన ప్రతి అప్‌డేటును ఎక్కించుకొనుడు. రెండవది కొట్టములో కెమెరాకు, పిల్లలు యంత్రము పని నేర్చుకొనుటకు. దానికి రూటు చేసినను, చెడినను, పోవునది పాత ఫోను మాత్రమే. ఒక్క ఫోనే ఉన్నచో రూటు తలంపు మానుకొనుడు. విత్తనపు గాదెలో ప్రయోగములు చేయు రైతు లేడు. ప్రయోగమునకు వేరుగా చిన్న మడి కేటాయించుటయే మన అలవాటు. ఫోను విషయములోను ఆ అలవాటునే పాటించుడు.