ఆడే పాటకు కోల్‌కతా నీడ

లక్నో దర్బారులో పెరిగిన ఠుమ్రీ రాజ్యం పోయిన నవాబుతో కలకత్తా చేరింది. అక్కడ ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతూ వచ్చింది. ఆ ప్రయాణంలో మన పదాలకు, జావళీలకు పనికొచ్చే పాఠం ఒకటుంది.

హుగ్లీ నది ఒడ్డున గార్డెన్ రీచ్ రేవు గోదాములు దాటితే మటియాబుర్జ్ వస్తుంది. ఇవాళ అక్కడ ఏ సందులో నడిచినా కుట్టుమిషన్ల చప్పుడే. రెడీమేడ్ బట్టలకు పేరుపడ్డ ఆ పేట నడుమ సిబ్తైనాబాద్ ఇమాంబారా ఉంది. దాన్ని కట్టించిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా సమాధి కూడా అందులోనే ఉంది. బిర్యానీలో ఆలుగడ్డ వేసే కోల్‌కతా అలవాటును జనం ఆయన వంటశాలకే ముడిపెడతారు. అంతకంటే పెద్ద ఆస్తినే ఆయన ఆ ఊరికి ఇచ్చి వెళ్లాడు. అది నాట్యంతో కలిసి పెరిగిన పాట, ఠుమ్రీ.

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను కలిపేసుకుంది. నవాబు అదే ఏడాది కలకత్తా చేరాడు. మరుసటి ఏడాది సిపాయిల తిరుగుబాటు రేగగానే ఆయన్ను ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. బయటికొచ్చాక, ఏటా 12 లక్షల రూపాయల పింఛనుతో మటియాబుర్జ్‌లో ఇంకో లక్నోనే నిలబెట్టుకున్నాడు. వంటవాళ్లు, దర్జీలు, సారంగీ వాద్యకారులు, గాయనులు, నర్తకులు ఆయన చుట్టూ చేరారు. 1887లో కన్నుమూసేదాకా ఆ కొలువు సాగింది. నవాబు స్వయంగా కథక్ నేర్చినవాడు. ‘అఖ్తర్ పియా’ ముద్రతో ఠుమ్రీలు కట్టినవాడు. భైరవిలోని ‘బాబుల్ మోరా’ ఆయన రచనేనని సంప్రదాయం చెబుతుంది. 1938లో ‘స్ట్రీట్ సింగర్’ చిత్రంలో కె.ఎల్. సైగల్ పాడి దాన్ని దేశమంతా వినిపించారు. ఆ సినిమా తీసింది కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థే. 1977లో ఈ నవాబు కథను ‘శత్రంజ్ కే ఖిలాడీ’గా తెరకెక్కించిన సత్యజిత్ రాయ్‌దీ ఆ ఊరే.

ఒక్క మాట, పది భావాలు

ఠుమ్రీ అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పడం సులువు. మన క్షేత్రయ్య పదాన్ని తలుచుకుంటే సగం అర్థమైపోతుంది. ఇక్కడ మువ్వగోపాలుడు, అక్కడ కన్హయ్య. ఇక్కడా అక్కడా నాయికే మాట్లాడుతుంది. అలుగుతుంది, ఎత్తిపొడుస్తుంది, ఎదురుచూస్తుంది. సాహిత్యం రెండు మూడు పంక్తులే. ఆ కొద్ది మాటలనే గాయని రకరకాలుగా పలికిస్తుంది. ‘రాలేదు’ అన్న ఒక్క మాటనే ఒకసారి కోపంగా, ఒకసారి బెంగగా, ఇంకోసారి అతను రాడని ముందే తెలిసినట్టుగా అంటుంది. దీన్నే బోల్ బనావ్ అంటారు. మన నాట్యంలో సంచారి భావాలు చేసే పనిని అక్కడ గొంతు చేస్తుంది.

ఇందులో రెండు తరహాలున్నాయి. పాతది బందిష్ కీ ఠుమ్రీ. నడక చురుకు. మాటలు తాళంలో తెగి, విరిగి, తిరిగి అతుకుతుంటాయి. పాదాలకు పని కల్పించే పాట అది. రెండోది విలంబంగా సాగే బోల్ బనావ్ ఠుమ్రీ. కూర్చునే కళ్లతో, కనుబొమలతో, చేతివేళ్లతో అభినయించడానికి వీలైనది. చివర్లో గాయని పల్లవి దగ్గర ఆగి నిలబడితే, తబలా ఒక్కసారిగా వేగం అందుకుని లగ్గీ మొదలుపెడుతుంది. లక్నో ఘరానా కథక్ గురువు బిందాదీన్ మహారాజ్ ఎన్నో ఠుమ్రీలు రచించారు. నాట్యగురువే వాగ్గేయకారుడు కావడం ఆ సంప్రదాయంలో మామూలు విషయం.

చిత్‌పూర్ రోడ్డు నుంచి గ్రామఫోను దాకా

నవాబు పోయాక ఆ కళాకారులకు కొత్త పోషకులు కలకత్తా జమీందార్లు, వ్యాపారులు. చిత్‌పూర్, బౌబజార్ ప్రాంతాల్లో పాటా ఆటా వృత్తిగా గల బాయీజీల ఇళ్లు సంగీత విద్యాలయాలుగా నడిచాయి. ఇప్పుడు రవీంద్ర సరణిగా పిలిచే ఆ చిత్‌పూర్ రోడ్డులోనే గౌహర్ జాన్ ఉండేది. 1873లో ఆజంగఢ్‌లో పుట్టింది. 1883లో తల్లి మల్కా జాన్‌తో కలకత్తా వచ్చింది. పాటతో పాటు నాట్యమూ నేర్చింది.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో పని మొదలుపెట్టాడు. మన దేశంలో తొలి గ్రామఫోన్ రికార్డింగులు చేసింది ఆయనే. ముందుగా పాడిన శశిముఖి, ఫణిబాల క్లాసిక్ థియేటర్ నర్తకులు. కొద్దిరోజుల్లోనే గౌహర్ జాన్ వంతు వచ్చింది. పాట ముగిశాక ఇంగ్లీషులో తన పేరు తానే గట్టిగా చెప్పుకున్న ఆ గొంతును ఇవాళ్టికీ వినవచ్చు. మెహఫిల్ కచేరీలో అరగంట విస్తరించే పాటను మూడు నిమిషాల్లో ఇమిడ్చింది. అది ఆమె ప్రజ్ఞ. రికార్డు వల్ల ఠుమ్రీ ఊరూరికీ చేరింది. కానీ రికార్డింగు యంత్రానికుండే గరాటులాంటి కొమ్ముకు ఎదురుగా కదలకుండా నిలబడి పాడాలి. అభినయానికి అక్కడ చోటు లేదు. పాట, ఆట వేరుపడటం అలా మొదలైంది.

ఆ ఎడబాటును పూర్తిచేసింది సమాజం. 1890లలో మద్రాసులో మొదలైన నాట్య వ్యతిరేక ఉద్యమం దేశమంతటా పాకింది. మన దగ్గర వీరేశలింగం పంతులు భోగం మేళాలను వ్యతిరేకించిన కాలమే అది. ఆడపిల్లల బతుకులను అమ్మకానికి పెట్టే ఆచారాన్ని ఆపాలనుకోవడం న్యాయమే. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల విద్యనూ వీధిలోకి నెట్టేశారు. పాటను మాత్రం గౌరవనీయుల ఇళ్లలోకి తీసుకున్నారు. పాడిన మనిషిని గడప దాటనివ్వలేదు.

అయినా విద్య ఆగలేదు. గౌహర్ జాన్ దగ్గర నేర్చుకున్న ఇందుబాల గ్రామఫోన్ యుగంలో పెద్ద పేరు తెచ్చుకుంది. 1975లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుంది. 1984దాకా బతికి, పాత కలకత్తా పాటకు ప్రత్యక్ష సాక్షిగా నిలిచింది. మరోవైపు బెంగాలీ గురువు గిరిజాశంకర్ చక్రవర్తి మధ్యతరగతి ఇళ్ల పిల్లలకు ఖయాల్‌తో పాటు ఠుమ్రీ కూడా నేర్పారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ మనవరాలు, తర్వాత నైనా దేవిగా పేరొందిన ఠుమ్రీ గాయని ఆయన శిష్యురాలే. ఇంకో శిష్యుడు ఎ. కానన్. మద్రాసులో పుట్టి, హైదరాబాద్‌లో తొలి పాఠాలు నేర్చి, కలకత్తాలో స్థిరపడ్డ విద్వాంసుడు. దక్షిణాది మనిషి హిందుస్థానీ గురువుగా ఎదగడానికి ఆ ఊరు చోటిచ్చింది. అదే కాలంలో పంజాబీ ఒరవడి ఠుమ్రీకి పతాక పట్టిన బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు మన హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో గడిచాయి. 1968లో ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయన కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ దగ్గర నేర్చిన అజయ్ చక్రవర్తి ఇప్పుడు కోల్‌కతాలో తన ‘శ్రుతినందన్’లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నారు.

టాలీగంజ్ గురుకులం

1977లో ఐటీసీ సంస్థ టాలీగంజ్‌లో సంగీత పరిశోధన అకాడమీని నెలకొల్పింది. గాయకుడు విజయ్ కిచ్లూ దాన్ని తీర్చిదిద్దారు. ఎ. కానన్, ఆయన భార్య మాళవికా కానన్ అక్కడి తొలితరం గురువుల్లో ఉన్నారు. పద్ధతి పాతదే. గురువులు ఆ ఆవరణలోనే కాపురముంటారు. ఎంపికైన విద్యార్థులు అక్కడే ఉండి నేర్చుకుంటారు. వాళ్లకు ఉపకారవేతనం అందుతుంది. నవాబులు, జమీందార్లు చేసిన పోషణను ఇక్కడ ఒక కంపెనీ చేపట్టింది. రేపటి తిండి గురించి బెంగ లేకుండా ఏళ్ల తరబడి సాధన చేసుకునే వీలు దొరికింది. ఏ పాత విద్య బతకాలన్నా ముందు కావలసింది ఇదే.

ఈ గురుకులానికి ఠుమ్రీని తెచ్చింది గిరిజా దేవి. శిష్యులకు ఆమె ‘అప్పాజీ’. 1929లో బనారస్ ప్రాంతంలో పుట్టారు. సర్జూ ప్రసాద్ మిశ్రా దగ్గర నేర్చారు. కుటుంబంలో అభ్యంతరాలున్నా 1949లో అలహాబాద్ రేడియోలో పాడి బయటి ప్రపంచానికి పరిచయమయ్యారు. 2016లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2017 అక్టోబరు 24న కోల్‌కతాలోనే తుదిశ్వాస విడిచారు. ఠుమ్రీ అంటే కచేరీ చివర ఐదు నిమిషాలు పాడి ముగించే తేలికపాటి పాట అన్న చిన్నచూపును ఆమె తన గొంతుతో తుడిచేశారు. కజ్రీ వానాకాలానిదని, చైతీ చైత్రానిదని, హోరీ రంగుల పండుగదని, ఆ రుతువు తెలియనిదే ఆ పాట పలకదని శిష్యులకు పట్టుబట్టి నేర్పారు.

ఈ విద్యను పుస్తకంలో రాసి ఇవ్వడం కుదరదు. రాగం, తాళం, స్వరాలు కాగితం మీదికి ఎక్కుతాయి. ఒక మాట దగ్గర గొంతు ఎంతసేపు ఆగాలి, ఎక్కడ సన్నబడాలి, ఏ అక్షరాన్ని సగంలో వదిలేయాలి అన్నవి ఎక్కవు. గురువు పాడతారు, శిష్యురాలు అందుకుంటుంది. గురువు అదే మాటను ఇంకోలా పాడతారు. అప్పుడు శిష్యురాలు తనదైన మూడో దారి వెతుక్కోవాలి. అమ్మమ్మ చేతి ఆవకాయ కొలతల్లాగే ఇవి పక్కన కూర్చుని చూస్తేనే పట్టుబడతాయి. యూట్యూబులో వేల రికార్డింగులున్నా అవి పాటను వినిపించగలవే కానీ, మన తప్పు దగ్గర మనల్ని ఆపలేవు.

తెగిన ముడి మళ్లీ వేయాలి

కోల్‌కతా చేసిన మేలు చాలా పెద్దది. అయినా ఒక లోటు మిగిలింది. టాలీగంజ్ అకాడమీ గాత్ర, వాద్య సంగీతాలకు నెలవు. కథక్‌కు చోటు వేరే. 1972లో మొదలైన పదాతిక్ లాంటి సంస్థలు దాన్ని నేర్పుతూ వచ్చాయి. పాట ఒకచోట, ఆట ఒకచోట. నిజానికి గౌహర్ జాన్ పాడుతూ అభినయించేది. బిందాదీన్ వంశంలోని బిర్జూ మహారాజ్ తబలా పక్కన కూర్చుని తానే ఠుమ్రీ పాడుతూ భావం చూపేవారు. ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో శాశ్వతీ సేన్ నాట్యానికి వినబడే గొంతు ఆయనదే. గొంతుకూ చేతికీ ఒకే మనసు ఉన్నప్పుడు అప్పటికప్పుడు పుట్టే భావానికి సాటి ఉండదు.

సరిగ్గా ఈ గొప్పతనాన్నే 1934లో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి కలకత్తా వెళ్లి చూపించింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. తన సంప్రదాయ నాట్యాన్ని దక్షిణాది దాటించి చూపడం అదే తొలిసారి. అభినయానికి ఆమె ప్రాణంగా పెట్టుకున్నవి మన తెలుగు పదాలే. ఆమె కూడా పాడుతూ అభినయించేది.

మన గోదావరి జిల్లాల్లో వంశపారంపర్యంగా ఆడిపాడిన కలావంతులదీ ఇదే దారి. బల్లిపాడు, ముమ్మిడివరం లాంటి ఊళ్లలో వాళ్లు పదాలు, జావళీలు పాడుతూనే ఆడారు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ ఆచారాన్ని నిషేధించాక, పిల్లలకు నేర్పడానికే వాళ్లు వెనకాడారు. నటరాజ రామకృష్ణ వాళ్ల ఇళ్లకు వెళ్లి నేర్చుకుని ఆంధ్రనాట్యానికి రూపమిచ్చారు. స్వప్నసుందరి ఆ వృద్ధ గురువుల దగ్గర కూర్చుని విలాసినీ నాట్యాన్ని వేదిక ఎక్కించారు. ఈ ఇద్దరూ వెళ్లి ఉండకపోతే ఎంత పోయేదో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఠుమ్రీకి దొరికినట్టుగా మన పదానికి గురుశిష్యులు కలిసి ఉండే గురుకులం దొరకలేదు. అది దొరికేదాకా ఆగనక్కర లేదు. హైదరాబాద్, విజయవాడ, విజయనగరం ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో గాత్రమూ నాట్యమూ ఒకే కప్పు కింద ఉన్నాయి. గాత్రం విద్యార్థులను వారానికొకసారి అభినయ పాఠానికి పంపాలి. నాట్యం విద్యార్థులు ఏడాదికి నాలుగు పదాలైనా, రికార్డింగు పెట్టుకుని ఆడటం కాకుండా, నోటితో పాడుతూ కూర్చుని అభినయించడం నేర్వాలి. పరీక్షలో దానికి మార్కులుండాలి. ఆ పదం ఏ ఊరి కలావంతురాలి దగ్గర నుంచి వచ్చిందో పిల్లలకు పేరుతో సహా చెప్పాలి. కోల్‌కతాలో విద్య నిలిచింది జీతమిచ్చే చేతులు, నేర్పే ఇళ్లు ఉన్నందుకే. మన దగ్గర భవనాలున్నాయి, గురువులున్నారు, జీతాలున్నాయి. పాట గదికీ ఆట గదికీ మధ్య తలుపు తీయడమే మిగిలింది. ఈ విద్యా సంవత్సరంలోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.