ఎక్కిళ్లు: గృహిణి యెరుగవలసిన సంగతులు

ఎక్కిళ్లు వచ్చినపుడు ఎవరో తలచుకొనుచున్నారని మన యిండ్లలో నవ్వుకొందురు. గ్రుక్కెడు నీరు త్రాగిన నవి పోవును. కాని కాన్సరునకు మందెక్కించుకొని వచ్చిన రోగికి విడువక వచ్చు ఎక్కిళ్లు నవ్వులాట కాదు. అన్నము దిగదు, నిద్ర పట్టదు, నీరసము హెచ్చును. ఎల్లంతకుంట వంటి యూరినుండి హైదరాబాదునకు పోయి చికిత్స పొందువారు, ఇంత స్వల్పవిషయము డాక్టరుతో నెట్లు చెప్పుదుమని మొగమాటపడి, విసిగి, తుదకు మందే వలదనుటయు గలదు. అది ప్రాణమునకే ముప్పు.

రొమ్మునకును కడుపునకును నడుమ ఉదరవితానమను కండరపు పొర యున్నది. దానిని నడపు నరములు రేగినపుడు అది తటాలున ముడుచుకొనును. వెంటనే గొంతులోని ద్వారము మూసికొనును. ఆ చప్పుడే ఎక్కిలి. సిస్‌ప్లాటిన్ అను మందువలనను, వాంతులు కాకుండుటకిచ్చు డెక్సామెథసోన్ వలనను ఇవి కలుగవచ్చును. పురుషులలో నిది యెక్కువ.

ఇంటిలో చేయదగినవి కొన్ని కలవు. కాచి చల్లార్చిన నీటిని కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. కొన్ని క్షణములు ఊపిరి బిగబట్టింపవచ్చును. చెంచాడు చక్కెర మ్రింగిన కొందరికి తగ్గును. కాని డెక్సామెథసోన్ రక్తములో చక్కెరను పెంచును గనుక మధుమేహము గలవారికి అది తగదు. కారమును, సోడాను మాన్పించి, అన్నమును కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టి, భోజనానంతరము కొంతసేపు కూర్చుండబెట్టవలెను. గొంతులో వ్రేలు పెట్టుట, బెదరించుట, అడుగకయే పసరుమందు పోయుట కూడదు.

48 గంటలు దాటినను, అంతకు ముందే తిండికి నిద్రకు భంగము కలిగినను, ఆసుపత్రికి తెలుపవలెను. ఎపుడు మొదలయ్యెనో, ఎంతసేపుండెనో కాగితముపై వ్రాసి చూపుడు. డాక్టరు డెక్సామెథసోన్‌కు మారుగా వేరొక మందు నీయవచ్చును. బాక్లోఫెన్, మెటోక్లోప్రమైడ్ వంటివి వ్రాయవచ్చును. వీనిలో కొన్ని మత్తు కలిగించును గావున స్వయముగా కొని యీయరాదు. జ్వరము, ఆయాసము, రొమ్ము నొప్పి, నెత్తురు వాంతి కనబడినచో క్షణము జాగు చేయరాదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సిద్ధపరచిన అమినోప్టెరిన్‌తో రక్తపు కాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగా గుణము కనబడినదని సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. నాటినుండి ఎందరి శ్రమయో ఫలించి నేటి మందులు మనకు దక్కినవి. ఎక్కిళ్లకు ఉపాయమున్నది, వానికై చికిత్సను విడువకుడు. రోగి చెప్పుటకు సిగ్గుపడినచో, ప్రక్కనున్న యిల్లాలే నోరు విప్పి చెప్పవలెను.