వెబ్‌సైట్ అడ్రస్‌ని వెనక నుంచి ఎందుకు చదవాలి?

వెబ్‌సైట్ ఎలా పని చేస్తుంది, అడ్రస్ చూసి అది ఒరిజినలో ఫేకో ఎలా కనిపెట్టాలి, ఈరోజు ఇవి చూద్దాం. రెండోది తెలియకపోతే అకౌంట్ ఖాళీ అవ్వచ్చు, కాబట్టి స్కిప్ చేయకండి.

వెబ్‌సైట్ అంటే కొన్ని ఫైల్స్, అంతే. టెక్స్ట్, ఫోటోలు, వాటిని ఎలా చూపించాలో చెప్పే కోడ్. అడిగిన వాళ్ళకి ఆ ఫైల్స్ పంపడానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌నే సర్వర్ అంటాం. మొదటి వెబ్‌సైట్ చేసిన టిమ్ బెర్నర్స్-లీ, ఎవరూ ఆఫ్ చేయొద్దని తన కంప్యూటర్ మీద చీటీ అంటించారు!

ప్రతి సర్వర్‌కి ఐపీ అడ్రస్ అనే నంబర్ ఉంటుంది. కాంటాక్ట్స్‌లో "అమ్మ" అని నొక్కితే నంబర్‌కి కాల్ వెళ్తుంది కదా? అలాగే మీరు సైట్ పేరు కొడితే డీఎన్‌ఎస్ అనే సిస్టమ్ దాని నంబర్ వెతికిస్తుంది. అప్పుడు మీ బ్రౌజర్, అంటే క్రోమ్ లాంటిది, ఆ సర్వర్‌ని పేజీ అడుగుతుంది. వచ్చిన ఫైల్స్‌ని పేర్చి మీకు చూపిస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్. డీఎన్‌ఎస్ ఈ పేరుని చివరి నుంచి చూస్తుంది. "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్" తీసుకోండి. ముందు ఇన్, తర్వాత బ్యాంక్, ఆ తర్వాతే ఎస్‌బీఐ. "బ్యాంక్ డాట్ ఇన్" పేర్లు ఎవరు పడితే వాళ్ళు కొనలేరు. ఆర్‌బీఐ 2025లో మన బ్యాంకుల కోసమే తెచ్చింది. వాటిని రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ ఒక్కటే.

మరి మోసగాడు ఏం చేస్తాడు? ఏదో ఒక డాట్ కామ్ పేరు కొంటాడు. దాని ముందు "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్" అని తగిలిస్తాడు. సొంత పేరు ముందు ఏం తగిలించినా అడిగేవాడు లేడు. ఫోన్ స్క్రీన్ చిన్నది కాబట్టి మనకి ముందు ముక్కే కనపడి, బ్యాంకే అనుకుంటాం.

"హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా బ్రో" అంటారా? దారిలో మీ డేటా ఎవరూ చదవలేరు అని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగా దొరా అనేది అది చెప్పదు. ఫేక్ సైట్లకీ అది ఫ్రీగానే దొరుకుతుంది.

సో, లింక్ వస్తే అడ్రస్ మీద నొక్కి మొత్తం చూడండి. హెచ్‌టీటీపీఎస్ పక్కన రెండు స్లాష్‌లు వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి చదవండి. పేరు తేడాగా ఉంటే ఓటీపీ, పాస్‌వర్డ్ ఏదీ కొట్టొద్దు. ఒకవేళ డబ్బులు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఇది మీ అమ్మానాన్నలకి కూడా చూపించండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!